ఫ్రెంచి నటుడు హారీ బోర్

నటుడు ధరించిన పాత్రకును ఆతని బ్రదుకునకును ముడిపెట్టరాదని మేము తరగతిలో విద్యార్థులకు చెప్పుచుందుము. హారీ బోర్ చరిత్రము చదివినప్పుడు మాత్ర మా మాట మాకే నిలుచుట లేదు.

ఈతడు 1880 ఏప్రిల్ 12వ తేదీన పారిస్ చెంతనున్న మోంత్రూజ్‌లో జన్మించెను. రంగస్థలమే యాతని జీవిక. మూకచిత్రములలో నటించెను గాని యవి గొప్ప పేరు తేలేదు; కంఠమే యాతని యైశ్వర్యము గదా! 1931లో దువివియే తీసిన 'డేవిడ్ గోల్డర్' అను మాటల చిత్రమున ఒక యూదవర్తకుని పాత్రతో, ఏబదియవయేట, తెరపై నాతని యసలు కాలము మొదలైనది. ఆ యేడే పాన్యోల్ 'ఫానీ' నాటకమున సెజార్ వేషము వేసెను. రేమ్యూ నాటకశాల యజమానితో పోట్లాడి తప్పుకొనగా నది యీతనికి దక్కినది. తెరమీద మరల రేమ్యూకే పోయినది.

1934లో రేమోఁ బెర్నార్ హ్యూగో నవల 'లే మిజరబ్ల్'ను మూడు భాగముల చిత్రముగా తీసెను. 1950లో మన నాగయ్యగారు 'బీదలపాట్లు'లో ధరించిన పాత్రకు మూలమైన జాఁ వల్జాఁ ఇందు హారీ బోర్. పేరు మార్చుకొని నగరాధ్యక్షుడైన వల్జాఁకు మారుగా, ఒక నిరపరాధి న్యాయస్థానమున నిలువబడును. వల్జాఁ స్వయముగా వచ్చి 'ఆ దోషిని నేనే' యని యొప్పుకొనును. ఆ యిరువురును హారీ బోరే. ఒకని మొగమున వెఱ్ఱితనము, రెండవవాని మొగమున వేదన. నటుడొక్కడే యన్న సంగతి ప్రేక్షకుడు మఱచును.

1940లో జర్మనులు పారిస్‌ను ఆక్రమించిరి. ఈతడు నటన మానలేదు. జర్మనులు నెలకొల్పిన కాంటినెంటల్ సంస్థవారి చిత్రమున నటించెను. బెర్లినునకు పోయి జర్మను చిత్రమునను నటించెను. దీనిని మేము సమర్థింపజాలము. ఇంతలో నీతడు యూదుడను నింద పుట్టినది. తాను కానని యీతడు చెప్పుకొనెను. అది నిజమే, కాని యూదుడగుటయే నేరమైన రాజ్యమున ఆ నిజము వానినైనను కాపాడలేదు. 1942 మేలో భార్యను, పిదప నాతనిని గెస్టపోవారు నిర్బంధించిరి. నెలల తరబడి హింసించి సెప్టెంబరులో విడిచిరి. ఆ యాగస్టుననే, 'డేవిడ్ గోల్డర్' నవల వ్రాసిన ఇరేన్ నెమిరోవ్‌స్కీ, యూదకులమున పుట్టినది, ఆష్విట్జ్ నిర్బంధశిబిరమున మరణించెను.

హారీ బోర్ శరీరము మరల కోలుకొనలేదు. 1943 ఏప్రిల్ 8వ తేదీన, అరువదిమూడవ జన్మదినమునకు నాలుగు దినములు ముందుగా, పారిస్‌లో కన్నుమూసెను. మోఁమార్త్ర్‌లోని సేంట్ విన్సెంట్ శ్మశానవాటికలో నాతని సమాధి కలదు.