మూడో దోషం

మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి రాజ్యమేలుతూ, వెలిగొండలకు అవతల పోరుమామిళ్లలో చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. పేరు అనంతరాజ సాగరం. 1369 నాటి సంస్కృత శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను చెప్పి, ఆరు దోషాలనూ ఎంచింది: కట్ట ఊటకారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, నడుమ మెరక, చాలని నీటికి పెద్ద ఆయకట్టు, చాలని ఆయకట్టుకు ఎక్కువ నీరు.

ఆ మూడో దోషం చెరువుకు రాలేదు, ఏలిన దుర్గానికే వచ్చింది. తర్వాతి శతాబ్దంలో ఉదయగిరి విజయనగరానికీ గజపతులకూ పొలిమేరగా మారి గజపతుల చేతికి పోయింది. 1514లో, దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత, కృష్ణదేవరాయలు దాన్ని గెలిచాడు. కోటను కాచిన తిరుమల రౌతరాయడు చెరపడ్డాడు. కోటలోని బాలకృష్ణుడు కూడా హంపీకి తరలిపోయాడు. గెలిచినవాడు మనవాడే అయినా దేవుణ్ణి పోగొట్టుకున్న ఊరు ఉదయగిరి. నవాబుల కాలానికి అది జాగీరుగా మిగిలింది. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ మీద కంపెనీ కుట్ర నేరం మోపి చెంగల్పట్టుకు పంపేసింది.

రాజులు పోయారు, పొలిమేరలు మాత్రం పోలేదు. ఆత్మకూరు దగ్గర మండలానికే పేరిచ్చిన అనంతసాగరం లాంటి చెరువును చూడండి. కట్ట, తూము, కలుజు జలవనరుల శాఖవి, చుట్టూ నేల లెక్క రెవెన్యూది, చేప సంగతి మత్స్యశాఖది. చెరువు అడుగంటితే ఊరంతా దిగి కొరమీను, జెల్ల పట్టుకునే రోజులు పోయి, బొచ్చె, రాగండి పిల్లలు వదిలి గుత్తకిచ్చే రోజులొచ్చాయి. గుత్తదారుకు నీళ్లు నిలవాలి, రైతుకు తూము తెరవాలి. ఇద్దరిదీ న్యాయమే. పూడిన వాగు కాలువను తవ్వాల్సిన పూచీ మాత్రం ఎవరి పొలిమేరలోకీ రాదు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘం పోరుమామిళ్ల చెరువునూ, కంభం చెరువునూ వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. సంతోషమే. పోరుమామిళ్ల చెరువును కట్టించిన ఉదయగిరి దుర్గం నీడలో ఉన్న చెరువులకూ ఆ మాత్రం ఆదరణ కావాలి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పాత చెరువులను సర్వే చేసి హద్దురాళ్లు పాతండి, వాగు కాలువలతో సహా ఒక్క శాఖకు అప్పగించండి.