చెలిమె నుంచి నల్లా దాకా: మన గూడేల నీళ్ల చరిత్ర



గోండిలో నీళ్లను మనం 'ఏర్' అంటాం. మన కొలాం సోదరులు 'ఈర్' అంటారు. తెలుగువాళ్ల చెవికి మన మాట 'ఏరు' లాగా వినిపిస్తుంది. వినిపిస్తే తప్పేమీ లేదు, మనవాళ్లకు చాలాకాలం నీళ్లంటే ఏరే. బావి తర్వాత వచ్చింది. చేతిపంపు ఇంకా తర్వాత వచ్చింది. నల్లా అయితే నిన్న మొన్నటి మాట. మన ప్రాంతంలో ఊళ్ల పేర్లు చూడండి: బాబేఝరి, కలమడుగు. ఒకదానిలో ఝరి ఉంది, ఇంకోదానిలో మడుగు ఉంది. నీళ్లు దొరికిన చోటే ఊరు, ఆ నీళ్ల పేరే ఊరి పేరు.

కుమురం భీం పేరు చెప్పగానే జల్, జంగల్, జమీన్ అంటాం. టీషర్టుల మీద వేసుకుంటున్నాం, బండ్ల మీద రాయించుకుంటున్నాం. మూడింటిలో మొదటిది జల్. కానీ మన సభల్లో మాటంతా జంగల్ గురించీ జమీన్ గురించే నడుస్తుంది. దానికి కారణం ఉంది. భూమికి పట్టా ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, అడవికి హద్దు రాళ్లుంటాయి. కాగితం ఉన్నదాని మీద పోరాటం కూడా కాగితాల్లోకి ఎక్కుతుంది. ఏ వాగులో ఏ చెలిమె ఎవరి గూడేన్ని ఎన్నేళ్లు బతికించిందో ఏ దఫ్తర్‌లోనూ రాసి లేదు. ఆ చరిత్ర మన ఆడవాళ్ల నడుముల్లో, నెత్తి మీది చుట్టబట్టలో ఉండిపోయింది.

భీం పోరాడిన కాలానికే మన నీళ్ల కష్టం మొదలైంది. బయటి నుంచి వచ్చిన రైతులు మైదానంలోని నల్లరేగడి భూములు పట్టారు. నిజాం సర్కారు అడవిని రిజర్వు చేసింది. మనవాళ్లు గుట్టల వైపు జరగాల్సి వచ్చింది. 1940లో భీం జోడేఘాట్ దగ్గర అమరుడైన తర్వాత సర్కారు పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ ఈ భూముల పోకను రాసిపెట్టాడు. దానికి నేను ఒక్కమాట కలుపుతాను. భూమితో పాటు నీళ్లు నిలిచే చోటు కూడా పోయింది. మనకు మిగిలింది నీళ్లు జారిపోయే చోటు.

ఇది వాన తక్కువ పడే ప్రాంతం కాదు. తెలంగాణలో వానలు బాగా పడే జిల్లాల్లో మన పాత ఆదిలాబాద్ జిల్లా ముందు వరుసలో ఉంటుంది. అయితే ఆ వానంతా నాలుగు నెలల్లోనే పడిపోతుంది. గుట్టల మీద మట్టి పలుచన, కింద నల్లరాయి. పడ్డ నీళ్లు పడ్డట్టే వాగుల్లోకి దిగుతాయి. కొన్ని పెద్దవాగు మీదుగా ప్రాణహితకు పోతాయి, కొన్ని కడెం మీదుగా గోదావరికి పోతాయి. వానాకాలంలో కుంటాల జలపాతం దగ్గర సెల్ఫీలు దిగినవాళ్లు ఏప్రిల్ నెలలో ఒకసారి అక్కడికి పోయి చూస్తే సంగతి అర్థమవుతుంది. కడెం ప్రాజెక్టులో ఆగిన నీళ్లు కాలువల్లో జన్నారం, లక్షెట్టిపేట వైపు పొలాలకు పారతాయి. ఆ రైతుల మీద నాకు కోపం లేదు. ఆ నీళ్లు ఎక్కడి గుట్టల మీద పడ్డ వానో మన పిల్లలకు మాత్రం తెలియాలి.

చెలిమె అంటే ఇప్పటి హాస్టల్ పిల్లల్లో చాలామందికి తెలియదు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఎండాకాలం వాగు పైకి ఎండిపోయినా ఇసుక కింద తడి ఉంటుంది. వాగు వంపు తిరిగే చోట, ఇసుక చల్లగా తగిలే చోట చేతులతోనే గుంట తోడతారు. మూర లోతుకో రెండు మూరల లోతుకో నీళ్లు ఊరతాయి. మొదట ఊరినవి బురదగా ఉంటాయి, వాటిని తోడి పారబోస్తారు. రెండు మూడుసార్లు తోడాక తేట నీళ్లు వస్తాయి. అప్పుడు గిన్నెతోనో, సొరకాయ బుర్రను కోసి చేసిన డొప్పతోనో కొంచెం కొంచెంగా బిందెలోకి పోయాలి. తొందరపడి గిన్నె అడుగుదాకా ముంచితే ఇసుక లేచి మళ్లీ మొదటికి వస్తుంది. ఒక బిందె నిండాక మళ్లీ నీళ్లు ఊరేదాకా కూర్చోవాలి. వెనక ఇంకొకామె బిందె పెట్టుకొని ఉంటుంది. పోయేటప్పుడు పశువులు తొక్కకుండా చుట్టూ రాళ్లో ముళ్లకంపో పెడతారు. పశువులకు కింది వైపు వేరే గుంట ఉంటుంది.

ఇలా తెచ్చిన నీళ్లను ఇంట్లో ఎట్లా వాడేవాళ్లో ఊహించడం కష్టం కాదు. గిన్నెలు బూడిదతో తోమితే తక్కువ నీళ్లతో జిడ్డు పోతుంది. బియ్యం, జొన్నలు కడిగిన నీళ్లు కుడితిలోకి పోయి పశువు కడుపులో పడతాయి. స్నానం చేసే బండ పక్కనే సొర తీగో బీర తీగో ఉంటుంది, ఆ నీళ్లు దానికే. చేనుకు పోయేటప్పుడు ఎండిన సొరకాయ బుర్రలో తాగే నీళ్లు నింపుకుంటారు. దాని మూతి సన్నం, ఒలకదు, పైగా నీళ్లు చల్లగా ఉంటాయి. దీన్ని ఎవరూ నీటి పొదుపు అనలేదు. పారబోస్తే మళ్లీ వాగుకు పోవాలి, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఆచారం ప్రతిదానికీ ఇప్పటి అర్థం అంటగట్టొద్దు. దండారి రోజుల్లో గుస్సాడీలు స్నానం చేయకపోవడం నీళ్ల పొదుపు కోసమని ఎవరైనా ఫేస్‌బుక్‌లో రాస్తే నమ్మకండి. అది దీక్ష, దాని లెక్క వేరు.

నీళ్ల గురించి మన పెద్దలు ఏమనుకున్నారో నిజంగా తెలియాలంటే నాగోబా జాతర చూడాలి. పుష్య మాసంలో మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి కాలినడకన బయల్దేరుతారు. తెల్లబట్టలు, తలపాగాలు కట్టుకొని, చెప్పులు లేకుండా, ఊరూరా ఆగుతూ రోజుల తరబడి నడిచి జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగుకు చేరతారు. అక్కడ గోదావరికి అవతలి ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా. ఝరిలో గోదావరి నీళ్లు నింపుకొని మళ్లీ నడిచే వెనక్కి వస్తారు. ఊరు చేరాక ఆ ఝరిని చెట్టు మీద భద్రపరుస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర ముందే చెప్పి చేయిస్తారు. ఆ కొత్త కుండలతో మెస్రం ఆడపడుచులు కోనేటి నీళ్లు తెస్తారు, అల్లుళ్లు పుట్టమట్టి తవ్వుతారు, రెండూ కలిపి కొత్త పుట్టలు చేస్తారు.

ఒక ఝరి నీళ్ల కోసం అన్ని రోజుల నడక! జీపు ఎక్కితే పూటలో అయిపోయే పని. అయినా ఇప్పటికీ నడిచే తెస్తున్నారు. మోసినవాడికే నీళ్ల బరువు తెలుస్తుందని నేను దీన్ని అర్థం చేసుకుంటాను, ఇంకొకరు ఇంకోలా చెప్పొచ్చు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. దేవుడి కోసం ఏడాదికోసారి మగవాళ్లు నీళ్లు మోస్తారు, ఆ నడకను అందరం దండం పెట్టి చూస్తాం. ఇంటి కోసం మన అవ్వలు, అక్కలు రోజూ మోశారు. ఆ నడకను ఎవరూ ఫొటో తీయలేదు.

2016 ఆగస్టులో మిషన్ భగీరథ మొదలైంది. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది దాని లెక్క. ఒక బిందెకు 15 లీటర్లు అనుకుందాం. ఐదుగురున్న ఇంటికి 500 లీటర్లంటే 33 బిందెలు దాటుతుంది. చెలిమె దగ్గర రోజుకు ఐదారు బిందెలు తెచ్చుకున్న ఇల్లు అది. ఇంకో సంగతి గమనించండి. మన వైపు పైపుల్లోకి ఎత్తే నీళ్లలో కడెం, కుమురం భీం ప్రాజెక్టుల నీళ్లూ ఉన్నాయి. మన గుట్టల మీద నుంచి దిగిపోయిన నీళ్లే ఇప్పుడు కరెంటు మోటార్ల బలంతో మళ్లీ గుట్ట ఎక్కి వస్తున్నాయి.

అందుకే నల్లా విషయంలో మన యువతతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. నీళ్లు విడిచే గంటలో కింది వాడలో తిప్పు లేని నల్లాలు అట్లాగే కారుతుంటే పైపులో ఒత్తిడి పడిపోతుంది. గుట్ట మీద చివరి గూడేనికి నీళ్లు ఎక్కవు. ఎండాకాలంలో ఆ గూడెం ఆడవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకొని వాగు దారి పడతారు. రోడ్డు పక్క ఇంటి ముందు బురదగా పారిన నీళ్లు ఆ చివరి ఇంటి బిందెలోనివే. ఒక నల్లా తిప్పు ఖరీదు పెద్దదేమీ కాదు, బిగించడానికి ఇంజినీరు అక్కర్లేదు. అట్లని మొత్తం బరువును ఇంటివాళ్ల మీదే వేయడం నాకు ఇష్టం లేదు. పైపు పగిలితే నెలలు పట్టించుకోని చోట, లైను వేసి నీళ్లు వదలని చోట పొదుపు గురించి పాఠం చెప్పడం అన్యాయం. అక్కడ గ్రామసభలో అడగాలి, అర్జీ రాయాలి, నీళ్లు ఏ రోజు వచ్చాయో ఏ రోజు రాలేదో నోట్‌బుక్‌లో పెట్టుకోవాలి. కాగితం లేక జల్ ఎట్లా వెనకబడిందో పైనే అనుకున్నాం.

ఇంకో పని కూడా ఉంది, దానికి డబ్బు అవసరం లేదు. మీ గూడెంలో వయసు మళ్లిన అవ్వలను అడగండి: ఏ వాగులో, ఏ చెట్టు దగ్గర చెలిమె ఉండేది, ఏ నెల దాకా ఊరేది, ఏది ఎప్పుడు ఎండింది, దానికి ఏ పేరు ఉండేది. ఫోన్‌లో వాళ్ల మాట గోండిలోనే, కొలామీలోనే రికార్డు చేయండి. కొన్ని చెలిమెల పేర్లు ఇప్పుడు ఒకరిద్దరు అవ్వలకే తెలుసు.