లేని సైన్యాలకు ఉన్న చరిత్ర

భవిష్యత్ సైన్యాల కథల్లో అన్నిటికంటే ముందు పాతబడేవి ఆయుధాలు. లేజర్ తుపాకీ అయినా, ఎగిరే ట్యాంకు అయినా ఇరవై ఏళ్ళకే బొమ్మలా కనబడుతుంది. నిలిచేది రెజిమెంటు పద్ధతి: దాని పేరు, పాట, పోయినవాళ్ళను తలుచుకునే తీరు. రచయిత తాను చూసిన, విన్న యుద్ధాన్ని దాచుకునే చోటు అదే. క్షయ వల్ల 1934లో అమెరికా నౌకాదళం వదిలిన రాబర్ట్ హైన్‌లైన్ 1959లో ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ రాశాడు. అందులో సైనికులు యంత్రకవచాలు తొడుక్కుని అంతరిక్షం నుంచి గ్రహాల మీదికి దూకుతారు. వాళ్ళ ఓడ పేరు మాత్రం ‘రాజర్ యంగ్’. 1943లో సాలమన్ దీవుల్లో తోటివాళ్ళను కాపాడబోయి ప్రాణం వదిలిన ఒక అసలు సిపాయి పేరది. ఆయన మీద కట్టిన పాట బాణీ వినబడితే దళం వెనక్కి రావాలి. దళాన్ని నడిపిన లెఫ్టినెంట్ రాస్‌చాక్ చనిపోయాక కూడా దళం ఆయన పేరుతోనే సాగుతుంది. గెలిచిన యుద్ధం మీద ఉన్న భరోసా ఇది.

ఇదంతా సైన్యానికి పట్టిన హారతి కాదా అనేవాళ్ళున్నారు. హైన్‌లైన్ వరకు ఆ మాటలో నిజముంది. 1997లో ఆ నవలను సినిమాగా తీసిన పాల్ వెర్‌హోవెన్ దాన్ని వెటకారంగా మార్చింది అందుకే. అయితే విమర్శ సినిమా దాకా ఆగలేదు, ఈ సాహిత్యం లోపలే పుట్టింది. వియత్నాంలో గాయపడిన జో హాల్డెమన్ 1974లో ‘ది ఫరెవర్ వార్’ తెచ్చాడు. కాంతివేగానికి దగ్గరగా ప్రయాణించే కథానాయకుడు మాండెల్లాకు కొన్నేళ్ళే గడుస్తాయి. యుద్ధం మాత్రం 1143 ఏళ్ళు నడుస్తుంది. చివరికి అతని కింది సిపాయిలు అతనితో మాట్లాడేందుకు అతని కాలపు ఇంగ్లిష్‌ను పనిగట్టుకుని నేర్చుకోవాల్సి వస్తుంది. అలాంటి చోట ఉమ్మడి పాట ఎక్కడిది? వియత్నాం, కంబోడియాల్లో సాయుధ అశ్వికదళ రెజిమెంటుతో పనిచేసిన డేవిడ్ డ్రేక్ ‘హామర్స్ స్లామర్స్’ (1979)లో మరో దారి పట్టాడు. అందులోనివాళ్ళు కిరాయి సైనికులు. దేశం మీద నమ్మకం లేదు, పక్కవాడి మీద ఉంది. నా మటుకు నాకు వీరస్వర్గాల కంటే ఇదే నిజాయితీగా అనిపిస్తుంది.

ఇక రెండో అభ్యంతరం: ‘వార్‌హ్యామర్ 40,000’ (1987) వంటి ఆటల్లో రెజిమెంటు చరిత్ర బొమ్మలు అమ్ముకోవడానికేగా? ఆ ఆటలోని క్రీగ్ దళం గ్యాస్ మాస్కులు, పొడవు కోట్లు మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఎత్తుకొచ్చినవే. కాదనలేం. కానీ సరుకుగా పుట్టిన ప్రతిదీ సరుకుగానే మిగలదు. అదే లోకంలో డాన్ ఆబ్నెట్ 1999లో ‘ఫస్ట్ అండ్ ఓన్లీ’ రాశాడు. టానిత్ గ్రహం తన తొలి దళాలను లేవదీసిన రోజే నాశనమైంది. మిగిలింది ఒక్క రెజిమెంటు, పేరులోని ‘ఓన్లీ’ ఆ నష్టానికి గుర్తు. పోరాడనివ్వకుండా తమను తరలించిన కమాండర్ గాంట్‌ను సొంత మనుషులే చాలాకాలం క్షమించరు. దళంతో పాటు బయటపడిన మైలో అనే కుర్రాడు ఊదే గొట్టపు వాద్యం వాళ్ళకు ఇంటి గుర్తు. తర్వాతి నవలల్లో, కూలిన మరో నగరం నుంచి గని కార్మికులూ స్త్రీలూ చేరతారు. టానిత్‌ను ఎన్నడూ చూడనివాళ్ళు ఆ పేరు మోయొచ్చా అని పాతవాళ్ళు గొణుగుతారు. లేని ఊరి పేరు మీద హక్కెవరిదన్న ఆ తగువును అమ్మకాల లెక్క పుట్టించలేదు.