బొంబాయి చాళ్లలో తెలుగు నవ్వు



మన సరిహద్దు జిల్లాలవారికి బొంబాయి పరాయి ఊరు కాదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బతుకుతెరువుకు ఆ బండెక్కినవారు ఒక్కరైనా ఉండే ఉంటారు. 1995లో ఆ నగరం పేరు ముంబయిగా మారింది. మన పెద్దవాళ్ల నోట మాత్రం అది బొంబాయే. అక్కడి మనవాళ్ల చరిత్ర చెప్పవలసి వస్తే వారు కట్టిన మేడల గురించి, నడిపిన మగ్గాల గురించి చెబుతాం. వారు నవ్విన నవ్వు గురించి ఎవరూ చెప్పరు. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

ముందు కామాఠిపురా సంగతి. కామాటి అంటే మట్టిపని, కూలిపని చేసేవాడని మీకు తెలుసు. 18వ శతాబ్దం చివర బొంబాయి ఇంకా విడివిడి దీవుల ఊరు. వాటి మధ్య నీళ్లకు అడ్డుకట్టలు వేసి, పల్లపు నేలను పూడ్చి, రోడ్లు పరిచి ఒక్క నగరంగా చెయ్యడం అప్పటికే మొదలైంది. ఆ తరవాత నగరం పెరిగేకొద్దీ రాయీ మట్టీ మోసేవారు కావలసి వచ్చారు. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి వెళ్లిన కామాటీలు స్థిరపడిన పేటే కామాఠిపురా. తరవాతి కాలంలో ఆ పేటకు ఇంకో రకం పేరు వచ్చింది. లోకం ఆ పేరునే గుర్తుపెట్టుకుంది, పేటకు పేరిచ్చిన కూలివాళ్లను మరచిపోయింది.

ఆ వెనక బట్టల మిల్లులు వచ్చాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు కుటుంబాలతో వెళ్లారు. పరేల్, వర్లీ, నాయగాం ప్రాంతాల చాళ్లలో చేరారు. చాల్ అంటే ఏమిటో చూడనివారికి చెబుతాను. పొడుగాటి వసారా, దాని వెంట వరసగా గదులు, ఒక్కో కుటుంబానికి ఒక్క గది. 1920లలో ప్రభుత్వం కట్టించిన బి.డి.డి. చాళ్లలో గది 160 చదరపు అడుగులు. వసారా అందరిది, కుళాయి అందరిది. ఒక గదిలో పిల్లవాడు ఏడిస్తే అంతస్తంతా వింటుంది. ఒక గదిలో పాట మోగినా అంతే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇలా వెళ్లినవారు మూటతోపాటు తమ ఊరి వినోదాన్నీ వెంట తీసుకుపోయారు. ఒగ్గుకథ వరస, బుర్రకథ వరస వాళ్ల చెవుల్లోనే ఉంది. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం చెబుతారు, ఇంకొకరు హాస్యం చెబుతారు. అటు మరాఠీ తమాషాలో సోంగాడ్యా చేసే పనీ అదే. సరిహద్దున ఉన్న మీరు రెండూ చూసి ఉంటారు. పాట మధ్యలో దూరి, పెద్దవాళ్లను వేళాకోళం చేసి, కూలివాడి మనసులో మాట కూలివాడి భాషలో అనేవాడు హాస్యగాడు. పాట ఎంత బాగున్నా, ఇంటికి వెళ్లాక జనం చెప్పుకునేది అతని మాటే.

అలాంటి హాస్యగాడు ఒకడు బొంబాయి తెలుగు శ్రామికుల ఇళ్ల నుంచే వచ్చాడు. అతని అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957లో ఆంధ్ర ప్రాంతంలోని కనిగిరిలో పుట్టాడు. పెరిగింది మాటుంగా కింగ్స్ సర్కిల్, ధారావి వైపు. తండ్రి హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో కార్మికుడు. ఇంటి పరిస్థితి వల్ల చదువు ఏడో తరగతితో ఆగింది. బొంబాయి వీధుల్లో సినిమా నటుల్లా ఆడుతూ పాడుతూ పెన్నులు అమ్మాడు. తరవాత తండ్రి పనిచేసిన ఫ్యాక్టరీలోనే చేరాడు.

ఒకసారి కంపెనీ వేడుకలో అతను పై అధికారులను అనుకరించి చూపించాడు. పైవాడు నడిచే తీరు, కసిరే తీరు రోజూ చూసే కార్మికులకు అది ఎంత తృప్తి ఇచ్చి ఉంటుందో ఆలోచించండి. ఆనాటి నుంచి తోటివాళ్లు అతన్ని జానీ లీవర్ అన్నారు. సినిమావాళ్లు పెట్టిన పేరు కాదది, పత్రికలవాళ్లు పెట్టిందీ కాదు. అతని మొదటి అభిమానులైన కార్మికులు పెట్టిన పేరు.

అప్పట్లో బొంబాయిలో ఆర్కెస్ట్రాలంటే జనం విరగబడేవారు. పాటకూ పాటకూ మధ్య గాయకుడు ఊపిరి తీసుకోవాలి, వాద్యాలు సర్దుకోవాలి. ఆ ఖాళీలో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడానికి మిమిక్రీ కళాకారుడు కావాలి. మన వరంగల్ బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ ధ్వన్యనుకరణకు అదే ఒక కచేరీ అంత గౌరవం తెచ్చారు. బొంబాయి వేదికల మీద మాత్రం అది చాలాకాలం ఖాళీ పూరించే పనే. జానీ లీవర్ ఆ ఖాళీలోనే నిలబడ్డాడు. కల్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందంతో తిరిగాడు. 1981లో ఫ్యాక్టరీ పని మానేశాడు. 1982లో 'దర్ద్ కా రిష్తా' చిత్రంలో కనిపించాడు.

ఆ 1982లోనే, జనవరి 18న, బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. చాలా మిల్లులు ఆ తరవాత కోలుకోలేదు. మన పద్మశాలీలలో కొందరు భివండి మరమగ్గాల దగ్గరికి వెళ్లారు, కొందరు సిరిసిల్లకు తిరిగి వచ్చారు. ఒక కార్మికుడి కొడుకు వేదిక ఎక్కుతున్న ఏడాదే వేలాది కార్మికుల పొయ్యి ఆరిపోయింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ దశాబ్దంలోనే చవక క్యాసెట్లు వచ్చాయి. గ్రామఫోను కొనలేని ఇంట్లో కూడా టేప్ రికార్డరు చేరింది. జానీ లీవర్ హాస్యం 'హసీ కే హంగామే' అనే క్యాసెట్‌గా వచ్చి అతన్ని ఇంటింటికీ పరిచయం చేసింది. ఇందాక చెప్పిన వసారా ఇప్పుడు గుర్తుచేసుకోండి. ఒక గదిలో క్యాసెట్ పెడితే అంతస్తంతా శ్రోతలే. క్యాసెట్‌లో ముఖం కనబడదు, చేతులు కనబడవు. గొంతు ఒక్కటే నవ్వించాలి.

విన్న తరవాత అభిమానులు ఊరుకుంటారా? ఇలాంటి కళాకారుడి విషయంలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ వస్తాయి. ఒకటి, అనుకరణలో సొంత సరుకు ఏముంది? రెండు, మనవాడై ఉండి తెలుగులో ఎందుకు నవ్వించలేదు?

మొదటిదానికి నా జవాబు ఇది. గొంతు ఎవరిదైనా, ఎవరిని పట్టుకోవాలో, ఎక్కడ నొక్కాలో తెలియడం సొంతమే. తెలుగు, మరాఠీ, తమిళం, గుజరాతీ ఒకే కుళాయి దగ్గర వినబడే గల్లీలో పెరిగిన చెవి అది. ఆ చెవిని అరువు తెచ్చుకోలేం.

రెండో ప్రశ్న కష్టమైనది. ఆర్కెస్ట్రా చూడవచ్చినవారు పది భాషలవాళ్లు. వారిని కలిపేది బొంబాయి హిందీ. ఆ భాషలో నవ్వించినవాడికే కూలి గిట్టుతుంది. మన కామాటీలు కట్టిన మేడల్లో ఇతరులు కాపురం ఉన్నట్టే, మన గల్లీలో పుట్టిన నవ్వు కూడా ఇతర భాషలో కాపురం పెట్టింది. ఇందులో కళాకారుడి తప్పు లేదు. కానీ మనకు కొంత నష్టం ఉంది. 1986లో సినిమావాళ్ల 'హోప్ 86' వేదిక మీద అతను మళ్లీ ఖాళీ పూరించడానికే నిలబడి అందరి మన్ననా పొందాడు. 1993లో 'బాజీగర్'తో దేశమంతా తెలిశాడు. అయితే ఆ నవ్వు వెనక ఒక తెలుగు కార్మికుడి ఇల్లుందని దేశానికి తెలియలేదు. మనలోనూ చాలామందికి తెలియదు.

అందుకే ఒక మాట చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో బొంబాయిలో బతికి వచ్చిన తాతో, మేనమామో ఉంటే ఎంత సంపాదించావని మాత్రమే అడగకండి. సాయంత్రం వసారాలో ఏం పాడేవారు, ఎవరిని వెక్కిరించేవారు, దేనికి నవ్వేవారు అని అడగండి. అటక మీద పాత క్యాసెట్ ఉంటే పారెయ్యకండి. కట్టిన మేడలు కూల్చినా కాగితాల్లో మిగులుతాయి. నవ్వు మాత్రం చెప్పుకున్నవారు ఉన్నంతవరకే మిగులుతుంది.