గడపకు పసుపు

1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో నౌక డర్బన్ రేవు చేరింది. ఆ దారిన నేటాలుకు వచ్చిన మన పూర్వులకు చెరకు తోటల బ్యారక్‌లలో దక్కినవి ఇరుకు గదులే. ఒప్పందపు గడువు తీరిన పిమ్మట పలువురు పట్టణపు అంచులలో చెక్కలతో, రేకులతో ఇళ్లు కట్టుకొన్నారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వాటినీ దక్కనీయలేదు.

1960లలో వేలాది భారతీయ కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరలించారు. అక్కడ ఇళ్లన్నీ ఒకే అచ్చున పోసినట్లుండేవి. ఉమ్మడి కుటుంబాలు చీలిపోయాయి. ఆ పురపాలక గృహాలను మన ఇళ్లుగా మార్చినది మన అవ్వలే: గడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఉగాదికి మామిడాకుల తోరణం కట్టారు. గదులు పెంచుకొన్నది తరువాతి మాట.

నేడు ఇల్లు బాగుచేయించుకొనేవారు పాత గడప తీయించే ముందు ఇంటి పెద్దావిడను ఒక్క మాట అడగవలెనని మా మనవి.