కంటి చదువుకు దరఖాస్తు



ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళల్లో వినిపించే మాటలు రెండే రెండు. మెడిసిన్‌లో సీటొస్తుందా, ఇంజనీరింగులో సీటొస్తుందా? ఆ రెండూ రాకపోతే ఇంక పిల్ల బతుకేమైపోతుందో అని దిగులుపడిపోతాం. మూడో మాట ఒకటి ఈమధ్య అప్పుడప్పుడూ వినపడుతోంది. ఆప్టామెట్రీ. పిల్ల ఎవరో స్నేహితురాలి దగ్గర విని వచ్చి, "అమ్మా, నేను దానికి అప్లికేషన్ పెడతానే" అంటుంది. "డాక్టరువవుతావనుకుంటే కళ్ళజోళ్ళ కొట్లో కూర్చుంటావుటే?" అని మనం ఆ మాట అక్కడే తుంచేస్తాం.

తుంచేసే ముందు ఆ చదువు చరిత్ర కాస్త తెలుసుకుంటే బాగుంటుందని నా ఉద్దేశం. ఎందుకంటే, కళ్ళజోడు పుట్టిన ఆరు వందల ఏళ్ళకి గాని దాన్ని నేర్పే బడికి గుమ్మం సరిగా కుదరలేదు. దరఖాస్తు ఫారంలో ఫిజిక్సు మార్కులెన్ని, బయాలజీ మార్కులెన్ని అని అడుగుతారే, ఆ ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. వాటి వెనక ఎందరో కష్టపడ్డారు, కొందరు దెబ్బలాడుకున్నారు కూడా. ఆ సంగతి తెలిస్తే మన పిల్ల ఫారం మీద సంతకం పెట్టాలో వద్దో మనమే తేల్చుకోగలుగుతాం.

ముందు మూడు పేర్లు విడదీసుకుందాం. ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన కంటి వైద్యం ప్రత్యేకంగా చదివి, శుక్లాలకీ నీటికాసులకీ ఆపరేషన్లు చేసేవారు కంటి డాక్టర్లు. వాళ్ళిచ్చిన చీటీ ప్రకారం అద్దాలు అమర్చి, ముక్కు మీద సరిగా కూర్చునేట్టు ఫ్రేము సర్దేవారు ఆప్టీషియన్లు. ఈ ఇద్దరికీ మధ్యన ఉన్నవారు ఆప్టామెట్రిస్టులు. చూపు కొలవడం, ఏ పవరు అద్దం కావాలో తేల్చడం, కాంటాక్టు లెన్సులు సరిచూడడం, పిల్లల్లో మెల్లకన్ను కనిపెట్టడం, కంట్లో ఏదైనా జబ్బు ఛాయలు కనిపిస్తే పసిగట్టి డాక్టరు దగ్గరికి పంపించడం, ఇవన్నీ వీరి పనులు. కొట్లో కూర్చునేవారూ ఉన్నారు, పెద్ద ఆస్పత్రుల్లో పనిచేసేవారూ ఉన్నారు.

ఇక చరిత్రలోకి వద్దాం. మనలో నలభై దాటినవాళ్ళకి సూదిలో దారం ఎక్కించాలన్నా, బియ్యంలో రాళ్ళు ఏరాలన్నా చెయ్యి దూరంగా చాచాల్సి వస్తుంది కదా! దాన్నే చత్వారం అంటాం. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు. జబ్బు పేరులోనే వయసు చెప్పేశారన్నమాట మన పెద్దలు. మొట్టమొదటి కళ్ళజోళ్ళు కూడా ఈ చత్వారం కోసం చేసినవే. ఇటలీ దేశంలో 1286 ప్రాంతంలో అవి పుట్టాయి. ఆ సంవత్సరం ఎలా తెలిసిందంటే, జోర్డానో అనే క్రైస్తవ సన్యాసి 1306లో ఫ్లారెన్సు నగరంలో ఉపన్యాసమిస్తూ, ఈ విద్య కనిపెట్టి ఇంకా ఇరవై ఏళ్ళు కూడా కాలేదని చెప్పాడు. కనిపెట్టిందెవరో మాత్రం ఖాయంగా తేలలేదు.

ఆ తరవాత కొన్ని వందల ఏళ్ళపాటు ఈ పనికి బడి లేదు, పరీక్ష లేదు. గాజు అరగదీసేవాడి దగ్గర పని నేర్చుకున్నవాడు కళ్ళజోళ్ళు చేసేవాడు. తట్టలో పెట్టుకుని సంతల్లో అమ్మేవాడు. కొనేవాళ్ళు ఒకటొకటే పెట్టుకు చూసి, ఏది కాస్త బాగా కనిపిస్తే అది కొనుక్కునేవారు. సంతలో గాజులు సైజు చూసుకుని తొడుక్కుంటామే, అలాగన్నమాట!

లండనులో కళ్ళజోళ్ళు చేసేవాళ్ళంతా ఒక సంఘంగా ఏర్పడి 1629లో రాజుగారి చేత అధికార పత్రం పొందారు. అప్పటి లండన్ వృత్తి సంఘాల్లో చేరడమెలాగంటే, కుర్రవాణ్ణి తీసుకెళ్ళి ఒక యజమాని దగ్గర అప్పగించేవారు. మామూలుగా ఏడేళ్ళు ఆ ఇంట్లోనే ఉండి, చెప్పిన పని చేస్తూ నేర్చుకోవాలి. ఆనాటి అడ్మిషన్ అంటే అదే. మార్కులు కాదు, మనిషిని ఎరిగి ఉండడం ముఖ్యం. ఆడవాళ్ళ మాటేమిటంటారా? భర్త పోతే ఆయన పనిని భార్య సాగించుకునే ఆచారం ఆ సంఘాల్లో ఉండేది. అంటే విధవరాలైతే తప్ప ఆ గుమ్మం తెరుచుకోవడం అరుదు.

మరి ఫిజిక్సు, బయాలజీ ఎక్కడినించి వచ్చి పడ్డాయి? కెప్లర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1604లో, వెలుతురు కంటి లోపలి పొర మీద బొమ్మగా పడుతుందనీ, ఆ బొమ్మ సరైన చోట పడకపోతే చూపు మసకబారుతుందనీ వివరించాడు. కళ్ళజోడు ఎందుకు పనిచేస్తుందో అప్పటికి గాని అర్థం కాలేదు. అప్పటికే మూడు వందల ఏళ్ళ నించీ జనం దాన్ని ముక్కు మీద పెట్టుకు తిరుగుతున్నారు! 1623లో స్పెయిన్ దేశంలో దాసా దె వాల్దేస్ అనే ఆయన, ఎలాంటి చూపుకి ఎలాంటి అద్దమో లెక్క కట్టి పుస్తకం రాశాడు.

1801లో థామస్ యంగ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు తన కంట్లో నిలువు గీతకీ అడ్డ గీతకీ చూపు ఒకేలా లేదని కొలిచి చూపించాడు. జార్జి ఏరీ అనే మరో ఖగోళ శాస్త్రజ్ఞుడికి తన సొంత కంట్లోనే ఆ దోషం ఉండేది. ఆయన 1825లో దానికి తగిన అద్దాన్ని తయారు చేయించుకున్నాడు. ఇవాళ మన చీటీల మీద సిలిండర్ అని రాస్తారే, అది అదే. జర్మనీలో హెల్మ్‌హోల్జ్ 1851లో కంటి లోపలి పొరని కళ్ళారా చూసే పరికరం చేశాడు. హాలెండులో డాక్టర్ స్నెల్లెన్ 1862లో అక్షరాల పటం తయారు చేశాడు. పైన పెద్దక్షరం, కిందికొచ్చేకొద్దీ చిన్నక్షరాలు. మీకూ నాకూ తెలిసిన పటమే. ఆరు మీటర్ల దూరంలో చదవాల్సిన వరుసని ఆ దూరం నించే చదివితే చూపు ఆరుకి ఆరు అంటారు.

చూశారా? అద్దం సంగతి చెప్పింది భౌతికశాస్త్రం, కన్ను సంగతి చెప్పింది శరీరశాస్త్రం. ఈ రెండూ తెలియనివాడికి ఇంకొకరి కంటి మీద అద్దం పెట్టే హక్కు ఉండకూడదని జనానికి మెల్లిగా తోచింది. అంచేతనే ఇప్పటికీ ఫారంలో ఆ మార్కులు అడుగుతున్నారు.

ఇంగ్లండులో 1895లో బ్రిటిష్ ఆప్టికల్ అసోసియేషన్ ఏర్పడింది. మర్నాటి ఏడు పరీక్షలు మొదలు పెట్టారు. పాత కళ్ళజోళ్ళ సంఘం వాళ్ళు కూడా 1898లో పరీక్షలు పెట్టారు. ఏడేళ్ళు ఒక ఇంట్లో ఉన్నావా అని అడగడం మాని, నీకేం తెలుసో చెప్పు అని అడగడం అప్పుడు మొదలైంది.

అమెరికాలో కథ కాస్త వేడెక్కింది. న్యూయార్కులో చార్లెస్ ప్రెంటిస్ అనే ఆప్టీషియన్ ఉండేవాడు. 1892లో ఆయన ఒకరి చూపు పరీక్షించి, అందుకు మూడు డాలర్లు ఫీజు తీసుకున్నాడు. కళ్ళజోడు అమ్మి డబ్బు తీసుకుంటే ఎవరూ ఏమీ అనకపోదురు. పరీక్షించినందుకు ఫీజు పుచ్చుకోడానికి నువ్వేమైనా డాక్టరువా అని ఒక పేరున్న కంటి డాక్టరు అభ్యంతరం చెప్పాడు. వస్తువుకి ధర ఉంటుంది సరే, తెలివికి ధర ఉండకూడదా అన్నదే అసలు తగువు. మనకి ఈ తగువు కొత్తది కాదు. ఇల్లాలు వండిన వంటకి పప్పూ ఉప్పూ ఖర్చు లెక్క కడతారు గాని ఆవిడ నేర్పుకి లెక్క కడతారా?

ప్రెంటిస్ ఊరుకోలేదు. ఈ వృత్తికి చట్టం కావాలని పోరాడాడు. మొదటి చట్టం 1901లో మిన్నెసోటా రాష్ట్రంలో వచ్చింది. న్యూయార్కులో 1908లో వచ్చింది. చట్టం వచ్చాక బడి తప్పలేదు. 1910లో కొలంబియా విశ్వవిద్యాలయం ఆప్టామెట్రీ కోర్సు పెట్టింది. విశ్వవిద్యాలయం తలుపు ఈ చదువుకి తెరుచుకున్నది అప్పుడే. ఇవాళ అక్కడ కాలేజీ చదువు అయ్యాక మరో నాలుగేళ్ళు చదివితే గాని ఓ.డి. అనే పట్టా రాదు. దానికో ప్రవేశ పరీక్ష 1971లో మొదలై, 1987 నించీ ఓ.ఏ.టి. పేరుతో నడుస్తోంది. 2009 నించి ఒకే దరఖాస్తుతో అనేక కాలేజీలకి పంపుకునే ఏర్పాటు కూడా వచ్చింది. ఒకప్పుడు ఆ తరగతుల్లో ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇవాళ సగానికి మించి వాళ్ళే. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువారి పిల్లలు కూడా ఈ దారిలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ డిగ్రీ చదివి వెళ్ళినవాళ్ళు కూడా అక్కడ నేరుగా బోర్డు కట్టుకోడానికి లేదు. అక్కడి కాలేజీలో చేరి ఓ.డి. సంపాదించాల్సిందే. విదేశం మీద ఆశ ఉన్న పిల్లలకి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మనకి కూడా చాలాకాలం దుకాణంలో చేరి నేర్చుకోవడమే చదువు. రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1958లో, ఆప్టామెట్రీ డిప్లొమా కోసం రెండు బడులు పెట్టారు. ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ గాంధీ కంటి ఆస్పత్రిలో. రెండోది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో! ఆ ఆస్పత్రి పేరు చెప్పగానే ఊరూరా కంటి శిబిరాలు పెట్టిన డాక్టర్ పి. శివారెడ్డి గారు గుర్తుకొస్తారు. ఆయన్ని 1977లో పద్మభూషణ్‌తో గౌరవించారు. పప్పులూ ఉప్పులూ కొనడానికి ఆ రోడ్డున వెళ్ళేవాళ్ళం, అక్కడ దేశంలోనే మొదటి రెండు ఆప్టామెట్రీ బడుల్లో ఒకటి పుట్టిందని ఎందరం ఎరుగుదుం?

ఆ డిప్లొమా రెండేళ్ళది. తరవాత సీతాపూర్, మద్రాసు, బెంగుళూరు, తిరువనంతపురాల్లో కూడా బడులు వచ్చాయి. 1976లో ప్రభుత్వం అంధత్వ నివారణకి జాతీయ కార్యక్రమం మొదలు పెట్టింది. దేశంలో చూపులేనివారు నూటికి 1.4 మంది ఉన్నారని అప్పటి అంచనా. దాన్ని 0.3కి దించాలన్నది లక్ష్యం. డాక్టర్లు ఎంతమంది ఉన్నా ఈ పని వాళ్ళ ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదు. డాక్టరు ఆపరేషన్ బల్ల దగ్గర ఉంటే, గుమ్మం దగ్గర చూపు పరీక్షించి ఎవరికి అద్దాలు చాలు, ఎవరికి ఆపరేషన్ కావాలి అని విడదీసేవాళ్ళు కావాలి కదా!

1985లో మద్రాసులో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టామెట్రీ వచ్చింది. డాక్టర్ బద్రినాథ్ గారు 1978లో స్థాపించిన శంకర నేత్రాలయకి అనుబంధమైన బడి ఇది. మన దేశంలో నాలుగేళ్ళ డిగ్రీ అక్కడే మొదలైంది. 1987లో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు కంటి ఆస్పత్రి తెరిచారు. అందుకు స్థలమూ ధనమూ ఇచ్చినవారు సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు. ఆయన పేరే దానికి పెట్టారు. అక్కడ కూడా తరవాత ఆప్టామెట్రీ చదువు వచ్చింది. చివరికి 2021లో పార్లమెంటు, వైద్యానికి అనుబంధమైన వృత్తులన్నిటికీ కలిపి ఒక చట్టం చేసింది. ఆప్టామెట్రిస్టుల్ని కూడా అందులో చేర్చారు. చదువు ఎలా ఉండాలో, ఎవరి పేరు రిజిస్టరులో ఎక్కాలో చెప్పే కమిషన్ ఈ చట్టం కింద ఏర్పడుతుంది. ప్రెంటిస్ అడిగినలాంటి చట్టం మన దగ్గరికి రావడానికి నూట పాతికేళ్ళు దాటాయన్నమాట.

అందుకే సోదరీమణులారా, పిల్ల ఫారం తెచ్చినప్పుడు కొన్ని విషయాలు అడగండి. ఇది రెండేళ్ళ డిప్లొమాయా, నాలుగేళ్ళ డిగ్రీయా? డిగ్రీలో చివరి ఏడాది ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకోవడం ఉంటుంది. ఆ ఆస్పత్రి ఏది? కాలేజీకి సొంత ఆస్పత్రి లేకపోతే పిల్లలు ఎవరి కళ్ళు చూసి నేర్చుకుంటారు? పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? రేపు రిజిస్టరులో పేరెక్కడానికి ఆ పట్టా చెల్లుతుందా? ఆర్నెల్లలో నేర్పేస్తామని గోడల మీద కాగితాలు అంటించేవాళ్ళ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకే కాదు, చాలాచోట్ల ఎంపీసీ చదివినవాళ్ళకీ అవకాశముంది. ఆ సంగతి కూడా కనుక్కోండి.

ఇంకొక్క మాట. ప్రపంచంలో చూపులేనివారిలో సగానికి మించి స్త్రీలే. మన ఇళ్ళల్లో చూడండి. పిల్లవాడికి బోర్డు కనపడకపోతే పరుగెడతాం, ఆయనకి పేపరు కనపడకపోతే పరుగెడతాం. మనకి సూది కనపడకపోతే "పోన్లే, పక్కింటమ్మాయి చేత ఎక్కించుకుంటా" అంటాం. అత్తగారికి శుక్లాలు ముదిరినా "ఈ వయసులో నాకెందుకమ్మా" అని ఆవిడే ఆపేస్తారు. ఎదురుగా కూర్చుని, ఓపిగ్గా అద్దాలు మార్చి మార్చి, "ఇప్పుడెలా ఉంది పెద్దమ్మా, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగే ఆడపిల్ల ఆ గదిలో ఉంటే ఎందరు పెద్దమ్మలు సంకోచం లేకుండా వస్తారో ఆలోచించండి.

ఆ గదిలో కూర్చోవాలని మీ అమ్మాయికి అనిపిస్తే అది మెడిసిన్ సీటు రానందుకు ఊరడింపు కాదు. సంతలో తట్టల దగ్గర మొదలై, లండన్ యజమానుల ఇళ్ళల్లో పెరిగి, మూడు డాలర్ల తగువు దాటి మన దాకా వచ్చిన విద్య అది. కాలేజీ సంగతులన్నీ సరిచూసుకున్నాక, తల్లిదండ్రుల సంతకం అని ఉన్నచోట నిశ్చింతగా సంతకం చెయ్యండి. చేసేటప్పుడు అక్షరాలు కనిపించకపోతే, పిల్ల చదువయ్యేదాకా ఆగకుండా ముందు మీ కళ్ళు చూపించుకోండి.