నల్లకోటూ, అప్పుపత్రమూ

నెల కిందట ఒక సాహిత్య సభ ముగిశాక, తెలుగు ఎమ్.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి నన్ను ఆపి, "లా చదవాలని ఉంది సార్. బ్యాంకులో అప్పు చెయ్యాలి. పెట్టిన డబ్బు తిరిగి వస్తుందంటారా?" అని అడిగింది. విమర్శ రాసుకునేవాణ్ని, నాకేం తెలుసని తప్పించుకోవచ్చు. కాని గురజాడ అగ్నిహోత్రావధాన్లు మొదలు రావిశాస్త్రి కక్షిదారుల దాకా ఎందరినో కోర్టు మెట్లెక్కించిన సాహిత్యం మనది. ఆ ప్రశ్నను చరిత్రలో నిలబెట్టి చూడడం మన పని కూడా.

ప్లీడరు చదువుకయ్యే ఖర్చు ఏనాడూ వట్టి చదువు ఖర్చు కాదు. కోర్టులో ఎవరు నోరు విప్పవచ్చో తేల్చిన కొలబద్ద అది. వలస పాలనలో ఈ వృత్తి మెట్లు మెట్లుగా ఉండేది. అడుగున సెకండ్ గ్రేడ్ ప్లీడరు, ఆపైన ఫస్ట్ గ్రేడ్ ప్లీడరు, ఆపైన హైకోర్టు వకీలు, అందరికన్నా పైన సముద్రం దాటి వచ్చిన బారిస్టరు. బారిస్టరు కావాలంటే లండన్‌లోని న్యాయవాద సంఘాలలో ఒకదాన చేరి, పరీక్షలతోపాటు లెక్క ప్రకారం విందు భోజనాలు కూడా చెయ్యాలి! 1924లో వచ్చిన మొక్కపాటివారి 'బారిస్టర్ పార్వతీశం' చదివి మనం ఇప్పటికీ నవ్వుకుంటాం. ఆ నవ్వు వెనక, ఇంట్లో ఒక బారిస్టరుంటే ఇంటి దశ తిరుగుతుందని నమ్మిన ఒక తరం ఆశ ఉంది.

ఆ ఆశకు నిజ జీవితంలో రూపం టంగుటూరి ప్రకాశం. తండ్రి చనిపోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి ఆయన్ని పెంచింది. సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమండ్రిలో బాగానే సంపాదించినా, ఆ మెట్టు మీది వాడికి పై కోర్టు తలుపు తెరుచుకోదు. 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు, ధనవంతులయ్యారు. లాభనష్టాల లెక్కలో ఇది మంచి బేరమే. కాని 1921లో ఆయన ఆ ప్రాక్టీసును వదిలేశారు. సంపాదించినది 'స్వరాజ్య' పత్రికలో పోశారు. 1957లో పేదవాడిగానే కన్నుమూశారు. ప్రజలు గుర్తుపెట్టుకున్నది ఆయన ఆర్జనను కాదు, వదులుకోవడాన్ని. అయితే నెత్తిమీద అప్పున్న జూనియరు ప్లీడరు ఎవరైనా ఆనాడు అలా వదలగలిగేవాడా? త్యాగం వ్యక్తి గుణమే కావచ్చు. దానికీ ఒక ఆర్థిక పునాది ఉంటుంది.

ఆ పునాది లేనివాడి కథ అంబేద్కర్‌ది. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఆయన అమెరికా వెళ్ళారు. బదులుగా పదేళ్ళు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలని ఒడంబడిక. లండన్‌లో చదువు సగంలో ఉండగానే గడువు తీరిపోయి 1917లో తిరిగి వస్తే, అంటరానివాడని బరోడాలో అద్దెకు ఇల్లిచ్చే దిక్కు లేకపోయింది. ఆ కొలువు వదిలి, బొంబాయిలో పాఠాలు చెప్పి కొంత కూడబెట్టి, కొల్హాపూర్ మహారాజు సాయమూ, ఒక పార్సీ మిత్రుడి అప్పూ తోడు చేసుకుని, 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి బారిస్టరయ్యారు. 1926లో పూనాలో బ్రాహ్మణేతర నాయకుల మీద బ్రాహ్మణులు వేసిన పరువునష్టం కేసులో ఆ నాయకుల పక్షాన వాదించి గెలిచారు. అంత కష్టపడి తెచ్చుకున్న పట్టా విలువ ఇక్కడ తెలుస్తుంది: ఎవరి పక్షాన నిలబడాలో తానే తేల్చుకోవడంలో.

ఇంతకీ ప్లీడర్ల ఫీజులు ఎక్కణ్నించి వచ్చేవి? మునసబు కోర్టుల్లో ప్రోనోటు దావాలు విరివిగా నడిచిన కాలమది. వాది షావుకారు, ప్రతివాది రైతు. డిక్రీ, జప్తు, వేలం. రైతు రుణాలు తగ్గించడానికి 1938లో మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చెయ్యవలసి వచ్చింది. అంటే, అప్పు చేసి చదివిన ప్లీడరు అప్పుల్లో మునిగిన రైతు కేసు మీద బతికాడు. ఒక అప్పు మరొక అప్పుతో తీరింది! ఈ యంత్రాన్ని లోపలినుంచి చూసినవాడు రావిశాస్త్రి. విశాఖపట్నంలో ప్లీడరుగా ఉంటూనే ఆయన 'ఆరు సారా కథలు' రాశారు. అక్కడ బోనులో నిలబడ్డ పేదవాడికి చట్టం ఏ భాషలో వినిపిస్తుందో మనకు తెలిసింది.

1961 అడ్వకేట్ల చట్టం పాత మెట్లను తీసేసింది. పట్టా ఉన్న ప్రతివాడూ అడ్వకేటే. కాని చట్టం తీసేసిన మెట్లను రుసుములు మళ్ళీ కట్టాయి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఖర్చు లక్షల్లో ఉంది. అక్కడ అప్పు చేసి చదివినవాడికి నెలనెలా కిస్తీ కట్టాలంటే కంపెనీల కొలువే దారి. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు చట్టం ప్రకారం 750 రూపాయలు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 125. రాష్ట్ర కౌన్సిళ్ళు మాత్రం రకరకాల పేర్లతో వేలకు వేలు గుంజాయి. అది చెల్లదనీ, అణగారిన వర్గాల వాళ్ళకు అడ్డుగోడ అవుతుందనీ 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని అఖిల భారత బార్ కౌన్సిల్ సూచించింది. అది సూచనే, శాసనం కాదు. అందుచేత అసలు ఖర్చు కాలేజీలో ముగియదు. సీనియరు వెనక ఫైళ్ళు మోస్తూ, చాలీచాలని డబ్బుతో గడిపే తొలి ఏళ్ళలో ఉంటుంది. ఆ ఏళ్ళు తట్టుకునేది వెనక భూమో, వ్యాపారమో, ప్లీడరు తండ్రో ఉన్నవాడు.

ఆ అమ్మాయికి నా జవాబు ఇది. చదువమ్మా, తప్పకుండా చదువు. తక్కువ ఫీజున్న ప్రభుత్వ కళాశాలలో చదువు. అప్పు చెయ్యక తప్పకపోతే, మొదటి జీతం చూసి లెక్క వెయ్యకు. జీతమే రాని తొలి ఏళ్ళు చూసి వేసుకో. నువ్వు కట్టే అసలు వడ్డీ కాదనలేకపోవడం: కంపెనీ తరఫున పల్లె భూమి ఖాళీ చేయించే కేసు చేతికొచ్చినప్పుడు "నేను వాదించను" అనలేకపోవడం. పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని అడిగావు. ఎవరి దగ్గర్నుంచి తిరిగి రావాలి? కక్షిదారు దగ్గర్నుంచేగా! అతను మీ నాన్నలాంటి వాడే అయితే, ఆ డబ్బు ఏ పొలం గట్టు మీదనుంచి వస్తుంది?

ఒంటరిగా వేసుకునే లెక్కకు ఈ ప్రశ్న లొంగదు. ఫీజులు తగ్గాలనీ, జూనియరుకు జీతం శాసనం కావాలనీ అడిగే గొంతులు కలవాలి. లేకపోతే నల్లకోటు వేసుకునేది నువ్వే అయినా, ఎవరి పక్షాన నిలబడాలో తేల్చేది నీకు అప్పిచ్చినవాడే అవుతాడు.